అచ్చు పుస్తకాన్ని చూపులేని విద్యార్థి చదవగలిగే ఫైలుగా మార్చడం ఎలా

చూపులేని విద్యార్థి చేతికి ఫోనో ల్యాప్‌టాపో ఇస్తే పుస్తకం ఇచ్చేసినట్టు కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఉంది, కంప్యూటర్‌కి అలాంటిదే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, రెంటికీ తెలుగు గొంతులున్నాయి. అయినా మన పాఠాల ఫైళ్లలో చాలావాటిని తెరవగానే ఆ గొంతు మూగబోతుంది, లేదా అర్థంలేని శబ్దాలు చేస్తుంది. లోపం యాప్‌లో లేదు, ఫైల్లో ఉంది. ఫైల్లో అక్షరాలు అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుగా గుర్తించే నిజమైన యూనికోడ్ అక్షరాలై, శీర్షికలు శీర్షికలుగా ఉంటే చాలు. ఆ ఒక్క ఫైలే వినడానికి, బ్రెయిల్ తీయడానికి, పెద్దక్షరాల్లో అచ్చు వేయడానికి పనికొస్తుంది. కాబట్టి శ్రమంతా ఆ ఒక్క మూలప్రతి మీద పెట్టండి.

మొదలుపెట్టే ముందు ఆ పుస్తకాన్ని ఇంకెవరైనా ఇప్పటికే చేశారేమో చూడండి. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో భారతీయ భాషల పుస్తకాలున్నాయి. అచ్చు చదవలేనివాళ్లు అందులో సభ్యులు కావచ్చు. అక్కడ దొరికితే మీ నెల రోజుల పని మిగిలినట్టే.

ముందు ఫైలుని పరీక్షించండి

పీడీఎఫ్ చేతికొస్తే చదివి చూడడం కాదు, అందులో రెండు వాక్యాలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

ఏమీ సెలెక్ట్ కాకపోతే అది ఫొటోల పీడీఎఫ్. ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను టైపు చేసిన పాఠంగా మార్చడం, చేయాల్సిందే.

తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడితే అది అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో టైపు చేసింది. తెర మీద తెలుగు బొమ్మ కనబడుతుందే గాని లోపల ఉన్నది తెలుగు కాదు. స్క్రీన్ రీడర్ ఆ లోపలి సంకేతాలనే చదువుతుంది. మన డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో పేజ్‌మేకర్‌లో చేసిన పుస్తకాలు, ప్రశ్నపత్రాలు ఎక్కువగా ఇలాంటివే. పీడీఎఫ్‌తో కుస్తీ పట్టకుండా డీటీపీ చేసినవాళ్లను అసలు ఫైలు అడగండి. అందులోని పాఠాన్ని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేస్తే ఓసీఆర్ కన్నా శుభ్రంగా వస్తుంది. అను వెర్షన్ ఏదో కూడా అడిగి తెలుసుకోండి. కన్వర్టర్‌లో వెర్షన్ తప్పుగా ఎంచుకుంటే కొన్ని వత్తులు, గుణింతాలు తారుమారవుతాయి.

మోసపుచ్చేది మూడో రకం. పేస్ట్ చేస్తే తెలుగే వస్తుంది, కానీ వత్తులు చోటు తప్పుతాయి, కొమ్ములు ఊడిపోతాయి, మాటల మధ్య ఖాళీలు పడతాయి. యూనికోడ్‌లో టైపు చేసినా పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు అక్షరాల వరుస చెదిరిన ఫైలు ఇది. దీన్ని దిద్దుతూ కూర్చోకండి. ఫొటోల పీడీఎఫ్ అనుకుని ఓసీఆర్ చేయడమే త్వరగా తెమిలే పని.

స్కానింగ్, ఓసీఆర్

స్కానర్ ఉంటే 300 డీపీఐ, గ్రేస్కేల్ పెట్టండి. 150కి దించితే సున్నా, విసర్గ, చిన్న వత్తులు చెరిగిపోతాయి. ఫోనే ఉంటే పుస్తకాన్ని కిటికీ పక్కన పగటి వెలుగులో పరిచి, ఫోన్ పేజీకి సరిగ్గా పైన ఉండేలా పట్టుకుని తీయండి. ఫ్లాష్ వేయొద్దు, నున్నటి కాగితం మెరిసి ఆ మేరకు అక్షరాలు మాయమవుతాయి. కుట్టు దగ్గర వంపు తిరిగిన వరుసలే ఓసీఆర్‌ని ఎక్కువ తికమక పెడతాయి. పుస్తకం పాతదై, ఇంకో ప్రతి కూడా ఉంటే కుట్టు విప్పి విడి కాగితాలుగా స్కాన్ చేయడం మేలు.

ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలకు ఇంకో జాగ్రత్త కావాలి. సరిసంఖ్య పేజీలు ఒక ఫోల్డర్లో, బేసిసంఖ్య పేజీలు ఇంకో ఫోల్డర్లో పెట్టి రెండు భాషలకూ విడివిడి ఫైళ్లు చేయండి. కలిపి చేస్తే వాక్యం తెలుగులో మొదలై ఇంగ్లీషు పేజీ దాటాక గాని పూర్తికాదు. వినేవాళ్లకు అది నరకం.

ఓసీఆర్‌కి సులువైన దారి గూగుల్ డ్రైవ్. బొమ్మనో పీడీఎఫ్‌నో ఎక్కించి, దాని మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో గూగుల్ డాక్స్ ఎంచుకుంటే కింద పాఠం వస్తుంది. ఒక్కో ఫైలు 2 ఎంబీ లోపు, పది పేజీలకు మించకుండా ముక్కలు చేసుకోండి. పెద్ద ఫైలు ఒకేసారి వేస్తే చివరి పేజీలు రాకపోవచ్చు, రాలేదన్న సంగతి కూడా మీకు తెలియకపోవచ్చు. ఇంటర్నెట్ లేకుండా చేయాలంటే టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాం ఉంది, దానికి తెలుగు డేటా ఫైలు విడిగా దింపుకోవాలి. చేతిరాత నోట్సుకి మాత్రం ఓసీఆర్‌ని నమ్ముకోవద్దు. చదివి టైపు చేయించడమే నయం.

దిద్దుబాటు: అసలు పని ఇదే

పేజీకి పది నిమిషాలు లెక్క వేసుకోండి. 150 పేజీల పుస్తకానికి 1500 నిమిషాలు, అంటే 25 గంటలు. అయిదుగురు పంచుకుంటే తలా అయిదు గంటలు. జూన్‌లో బడి తెరిచేనాటికి మొదటి మూడు పాఠాలైనా విద్యార్థి చేతిలో ఉండాలి. పుస్తకం మొత్తం సిద్ధమయ్యాకే ఇద్దామని ఆగితే ఆ పిల్లకి మొదటి యూనిట్ పరీక్ష పుస్తకం లేకుండానే గడిచిపోతుంది. పాఠం పాఠంగా ఇవ్వండి.

తెలుగు ఓసీఆర్ ఎక్కడ తప్పుతుందో ముందే తెలిస్తే కన్ను అక్కడికే పోతుంది. ద, ధ, థ ఒకదానికొకటి మారిపోతాయి. ప, వ, ష కలిసిపోతాయి. 'మ' బదులు 'వు', 'పు' బదులు 'వు' పడతాయి. రావత్తు ఊడిపోతుంది. ఇవి చూసేవాళ్లకి చిన్న తప్పులే, పక్క మాటల్ని బట్టి సర్దుకుంటారు. వినేవాళ్లకి అలా సర్దుకునే వీలు తక్కువ. బ్రెయిల్ చదివేవాళ్లయితే తప్పునే ఒప్పని నేర్చుకుంటారు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 'పుస్తకం' అన్న మాటలో సున్నాని ఓసీఆర్ 'పుస్తక0' అని అంకెగా రాసిందనుకోండి. తెర మీద రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, మీ కన్ను పట్టుకోదు. స్క్రీన్ రీడర్ మాత్రం 'పుస్తక' అని, ఆగి, 'సున్నా' అని అంకె పలుకుతుంది. బ్రెయిల్‌లో ఇంకా ఘోరం. బ్రెయిల్ అక్షరం ఆరు చుక్కల గడి, చుక్కలకి 1 నుంచి 6 వరకు నంబర్లుంటాయి. తెలుగు సున్నాకి 5, 6 చుక్కలు రావలసిన చోట అంకె గుర్తుగా 3, 4, 5, 6 చుక్కలు, తర్వాత సున్నా అంకెకి 2, 4, 5 చుక్కలు వస్తాయి. మాట మధ్యలో లెక్క మొదలైనట్టు ఉంటుంది. విసర్గదీ ఇదే కథ. 'దుఃఖం' బదులు కోలన్ పెట్టి 'దు:ఖం' అని కొట్టడం మన టైపిస్టుల్లో పాత అలవాటు. అప్పుడు మాట రెండు ముక్కలవుతుంది.

వీటిని దిద్దడానికి ఫైండ్‌లో 0 అని వెతికి ఒక్కొక్కటిగా చూసుకుంటూ మార్చండి. రీప్లేస్ ఆల్ నొక్కారో, 10, 100, 2020 అన్నీ పాడవుతాయి. కోలన్ కూడా అంతే, నిర్వచనాల దగ్గర, సమయాల దగ్గర అది నిజంగానే కోలన్.

తర్వాత వరుసల చీలికలు. ఓసీఆర్ ప్రతి అచ్చు వరుస చివరా ఒక పేరాగ్రాఫ్ విరుపు పెడుతుంది, స్క్రీన్ రీడర్ అక్కడల్లా ఆగుతుంది. వర్డ్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, మోర్ నొక్కి, స్పెషల్ నుంచి పేరాగ్రాఫ్ మార్క్ తీసుకోండి. ముందు వరసగా రెండు మార్కులున్న చోట్లను ### గా మార్చండి, అవి అసలు పేరాలు. తర్వాత ఒంటరి మార్కులను ఒక్కో స్పేస్‌గా, చివరికి ### లను మళ్లీ ఒక పేరాగ్రాఫ్ మార్కుగా మార్చండి. పద్యాలు, ప్రశ్నల జాబితాలు ఉన్న పేజీలకు ఈ పని చేయకూడదు, పాదాలన్నీ కలిసి ముద్దవుతాయి. పాఠం భాగాన్ని సెలెక్ట్ చేసి అంతవరకే చేయండి. వరుస చివర చీలిన మాటలు 'విద్యా ర్థులు' లాగా మిగులుతాయి. వత్తుతోనో సగం అక్షరంతోనో మొదలైనట్టున్న మాటలు చూసి కలపాలి. ప్రతి పేజీ నెత్తిన ఉండే పుస్తకం పేరు వాక్యం మధ్యలో దూరి ఉంటుంది, దాన్నీ తీసేయండి.

చివరి దిద్దుబాటు ఇద్దరు చేయాలి. ఒకరు అచ్చు పుస్తకం చూస్తుంటే కంప్యూటర్ చేత ఫైలుని చదివించండి. వదిలేసిన వరుసలు, తారుమారైన పేరాలు చెవికి ఇట్టే తెలుస్తాయి. ఒత్తక్షరాల తప్పులు చెవికి సరిగా అందవు. అందుకని రెండోవారు విడిగా కంటితో చదవాలి. ఈ రెండూ చేయని ఫైలుని పూర్తయిందనకండి.

శీర్షికలు, పేజీ నంబర్లు

శీర్షికని బోల్డ్ చేసి పెద్దగా పెడితే చూసేవాళ్లకి శీర్షికే, స్క్రీన్ రీడర్‌కి మాత్రం మామూలు వరుసే. వర్డ్‌లో స్టైల్స్ వాడండి. పాఠం పేరు హెడింగ్ 1, లోపలి భాగాలు హెడింగ్ 2, అభ్యాసాలు కూడా హెడింగ్ 2. అచ్చు పేజీ మొదలైన ప్రతిచోటా 'పేజీ 45' అని విడి వరుస రాసి దానికి హెడింగ్ 6 ఇవ్వండి. టీచరు క్లాసులో '45వ పేజీ తీయండి' అన్నప్పుడు మిగతా పిల్లలతోపాటు ఈ పిల్లవాడూ అక్కడికి చేరేది దీనివల్లే. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్, స్పేస్ కలిపి నొక్కి బ్రౌజ్ మోడ్‌లోకి వెళ్తే, హెచ్ కొట్టినప్పుడల్లా తర్వాతి శీర్షికకి, 6 కొట్టినప్పుడల్లా తర్వాతి పేజీకి పోవచ్చు.

పట్టికల్లో గడులు కలపకండి. మొదటి వరుసని హెడర్ రోగా పెట్టండి. ట్యాబులు, ఖాళీలు కొట్టి చేసిన పట్టిక వినడానికి పనికిరాదు.

ఫోన్లో చదివేవాళ్లకి వర్డ్ ఫైలు కన్నా ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రకం) మేలు. లిబ్రే ఆఫీస్‌లో ఎక్స్‌పోర్ట్ యాజ్ కింద ఈపబ్ ఉంది. అచ్చు చదవలేనివాళ్ల పుస్తకాల కోసం పనిచేసే డైసీ కన్సార్షియం వాళ్ల వర్డ్ టు ఈపబ్ ఉచితం, హెడింగులు సరిగా పెట్టి ఉంటే విషయసూచిక అదే తయారుచేస్తుంది.

లెక్కలు

లెక్కల పుస్తకంలో ఓసీఆర్‌ని నమ్మితే మునుగుతాం. 10 మీద చిన్న 2 (పది వర్గం) మామూలు 102 అయిపోతుంది. నిలువు భిన్నం రెండు వేరే వరుసలుగా విడిపోతుంది. వీటిని చేత్తో ఒక వరుసలోకి తేవాలి: 10^2, 3/4. బ్రాకెట్లు తప్పనిసరి. (2+3)/5 అంటే 1, బ్రాకెట్ లేకుండా 2+3/5 అంటే 2.6. అచ్చులో గీత పొడవు చెప్పే సంగతిని ఇక్కడ బ్రాకెట్టే చెప్పాలి.

ఇంకో లోపం చాలామందికి తెలియదు. ఎన్‌వీడీఏ మామూలు అమరికలో బ్రాకెట్లను, హైఫన్‌తో కొట్టిన మైనస్‌ని పలకదు. ఫైలు సరిగ్గా ఉన్నా పిల్లవాడికి 7-3 అన్నది 'ఏడు మూడు' అని వినబడుతుంది. లెక్కలు చదివేముందు ఇన్సర్ట్, పీ నొక్కి గుర్తులు పలికే స్థాయిని పెంచుకోవడం మొదటిరోజే నేర్పండి.

బొమ్మలు, పటాలు

బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఆల్ట్ టెక్స్ట్‌లో వర్ణన రాయండి. 'గోదావరి నది పటం' అంటే బొమ్మ ఉందని చెప్పినట్టే గాని, బొమ్మలో ఏముందో చెప్పినట్టు కాదు. ఇలా రాయండి: 'గోదావరి ప్రవాహ పటం. పటంలో ఎడమవైపు, మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం దగ్గర నది మొదలై కుడివైపు పారుతుంది. కందకుర్తి దగ్గర తెలంగాణలో ప్రవేశిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో రాజమహేంద్రవరం దాటి ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది.' దిక్కు, వరుస, చివర. ఈ మూడూ ఉంటే పరీక్షలో జవాబు రాయగలిగేంత సమాచారం అందుతుంది. అలంకారానికి వేసిన పూలకి, అంచులకి వర్ణన అక్కర్లేదు, డెకరేటివ్ అని గుర్తుపెట్టి వదిలేయండి.

పటం వింటే సరిపోదు, తాకాలి. దానికి యంత్రాలే ఉండాలని లేదు. గట్టి అట్ట మీద గమ్‌తో నదికి పురికొస, రాష్ట్ర సరిహద్దుకి సన్నదారం, సముద్రానికి గరుకు కాగితం అతికించండి. గీతల మధ్య కనీసం అర సెంటీమీటరు ఎడం ఉండాలి, లేకపోతే వేలికి రెండూ ఒకటే గీత. అచ్చు పటంలోని ఊర్లన్నీ పెట్టకండి. ఆ పాఠానికి కావలసిన నాలుగైదు చాలు. కాగితం మీద ఉబ్బెత్తు గీతలకి టైలర్లు వాడే పళ్ల చక్రం, అంటే ట్రేసింగ్ వీల్, బాగా పనికొస్తుంది. కాగితం కింద పాత సైకిల్ ట్యూబు పరిచి నడపండి. చుక్కలు అవతలివైపు లేస్తాయి గనుక పటాన్ని అద్దంలో కనబడినట్టు తిప్పి గీసుకోవాలి. ఇది మరిచిపోతే పిల్లవాడి వేళ్ల కింద బంగాళాఖాతం పడమరన వస్తుంది.

బ్రెయిల్, పెద్దక్షరాలు

పాఠాలన్నీ ఆడియోలో ఉన్నాయి, ఇక బ్రెయిల్ దేనికని అడిగేవారున్నారు. చెవితోనే చదివిన పిల్లవాడికి 'బాధ' అనాలో 'భాద' అనాలో ఎలా తెలుస్తుంది? ల, ళ తేడా, న, ణ తేడా రాసేటప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? భారతీయ భాషలకి వాడే భారతి బ్రెయిల్‌లో 'బ'కి 1, 2 చుక్కలు, 'భ'కి 4, 5 చుక్కలు. వేలికి అవి రెండు వేరే అక్షరాలు. ఆడియో వేగానికి, బ్రెయిల్ అక్షరజ్ఞానానికి. చిన్న తరగతుల్లో బ్రెయిల్ మానేస్తే పెద్దయ్యాక ఆ లోటు పూడ్చడం చాలా కష్టం.

శుభ్రమైన యూనికోడ్ ఫైలు ఉంటే బ్రెయిల్‌గా మార్చే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పట్టిక ఎంచుకుంటే సరిపోతుంది. బ్రెయిల్ డిస్‌ప్లే, అంటే తెర మీది పాఠాన్ని లేచే చుక్కలుగా చూపే పరికరం, ఉంటే ఎన్‌వీడీఏ అమరికల్లోనూ తెలుగు ఎంచుకోవచ్చు. మొదటి పేజీ తీశాక బ్రెయిల్ తెలిసినవారి చేత చదివించి, ఆ తర్వాతే మిగతాది వేయండి. అచ్చు పేజీ ఒకటికి బ్రెయిల్ పేజీలు రెండు మూడు అవుతాయి. కాగితం మందంగా ఉండాలి, పల్చటి జిరాక్స్ కాగితం మీద చుక్కలు నాలుగు రోజుల్లో అణిగిపోతాయి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పనిచేసే సహిత విద్య టీచర్లను ముందే కలుపుకోండి. ఏ పిల్లకి బ్రెయిల్ కావాలో, ఎవరికి పెద్దక్షరాలు చాలో వాళ్లకి తెలుసు.

చూపు కొంత ఉన్నవాళ్లకి 18 పాయింట్ల నుంచి మొదలుపెట్టి, ఎంత కావాలో వాళ్లనే అడగండి. నోటో శాన్స్ తెలుగు లాంటి మందపు గీతల ఫాంటు, వరుసల మధ్య ఒకటిన్నర ఎడం. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి గనుక ఎడం తక్కువైతే పై వరుస వత్తు కింది వరుస గుడి మీద పడుతుంది. ఏ4 పేజీని ఏ3కి జిరాక్స్ తీస్తే పెరిగేది 141 శాతానికే, అంటే 12 పాయింట్ల అక్షరం 17 అవుతుంది. మసక ముద్ర కూడా దాంతోపాటు పెరుగుతుంది. ఫైలులోనే సైజు పెంచి వేయడం మంచిది.

హక్కులు, రోజువారీ నోట్సు

పుస్తకాన్ని ఇలా మార్చడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 52(1)(జెడ్‌బీ) సెక్షన్ వచ్చింది. వికలాంగులు చదువుకోవడానికి వీలైన రూపంలోకి మార్చి, లాభాపేక్ష లేకుండా వారికి ఇవ్వొచ్చు. ఫైలుని అందరికీ తెరిచిన గ్రూపుల్లో మాత్రం వేయకండి, ఆ మినహాయింపు వారికోసమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేవరకు పుస్తకాలు, చదువుకి కావలసిన పరికరాలు ఉచితంగా అందాలి. బడిలో అడగడానికి వెనకాడకండి.

పాఠ్యపుస్తకం సిద్ధమైనా రోజూ వచ్చే నోట్సు ఫొటోలుగానే వాట్సాప్‌లో పడుతుంటే పిల్లవాడు మళ్లీ వెనకబడతాడు. టీచర్లకి చెప్పవలసింది ఒక్కటే: కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెప్పండి, వచ్చిన పాఠాన్ని ఒకసారి చూసి పంపండి. బోర్డు మీద రాస్తూ 'ఇది, ఇక్కడ' అనకుండా రాసింది పైకి చదవండి.

ఇచ్చిన తర్వాత

పంపేముందు మీ ల్యాప్‌టాప్‌లో కాదు, విద్యార్థి వాడే ఫోన్లోనే తెరిచి చూడండి. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ కింద తెలుగు గొంతు దిగిందో లేదో చూడాలి, లేకపోతే ఎంత మంచి ఫైలైనా పలకదు. వేగం ఆ పిల్లనే పెట్టుకోనివ్వండి, అలవాటైనవాళ్లు మనకి అర్థం కానంత వేగంగా వింటారు.

ఫైలు పేరులో తరగతి, విషయం, పాఠం నంబరు, తేదీ ఉండాలి, అప్పుడే చెవితో వెతుక్కోవచ్చు. తప్పు దొరికితే పేజీ నంబరు, ముందువెనక రెండు మాటలు వాయిస్ మెసేజ్‌లో పంపమని విద్యార్థికి చెప్పండి. దాన్ని మూలప్రతిలో దిద్ది, ఈపబ్, బ్రెయిల్ రెండూ అందులోంచే మళ్లీ తీయండి. ఈపబ్‌లో మాత్రమే దిద్దితే వచ్చే ఏడాది బ్రెయిల్ ప్రతిలో ఆ తప్పు తిరిగి వస్తుంది.